టేబుల్ కింద డబ్బా

కంప్యూటర్‌ని ముట్టుకోకుండా తుడవాలి. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో కనకదుర్గకి ఉన్న ఆజ్ఞ అది. "దుమ్ము పట్టకూడదు. అలాగని సెయ్యెయ్యకు, ఏదో ఒకటి నొక్కేస్తావు," అని దాన్ని కొన్న రోజునే ఆమె భర్త ఉమామహేష్ చెప్పేశాడు. చెయ్యి వెయ్యకుండా ఎలా తుడుస్తారో మాత్రం ఎప్పుడూ తుడిచి చూపించలేదు. అతను తుడిచిన వస్తువంటూ ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, తన మోటార్ సైకిలు. అదీ సీటు వరకే.

కూతురు కీర్తి పదో తరగతిలో ఉండగా అనకాపల్లిలో ఎవరో వాడేసినది చవగ్గా వస్తే కొన్నారు. ఇప్పుడా పిల్ల విశాఖపట్నం హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది, దానికి వేరే లాప్‌టాప్ ఉంది. ఇది హాల్లో ఓ మూల, కనకదుర్గ అల్లిన లేసు గుడ్డ కప్పుకుని కూర్చుంది. ఏటా దసరాకి ఉమామహేష్ తన ఎరువుల కొట్లో కాటాకీ, ఇంట్లో మోటార్ సైకిలుకీ, ఈ కంప్యూటర్‌కీ పూజ చేస్తాడు. గాజు తెర నడినెత్తిన పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టి, ఆనక కుర్చీలో జారబడి పేపరు చదువుకుంటూ టేబుల్ కిందున్న నల్ల డబ్బా మీద కాళ్ళు చాపుకుంటాడు. కంప్యూటర్ అతనికీ రాదు. రాదన్న సంగతి ఒప్పుకోకపోవడం మాత్రం బాగా వచ్చు.

అలాంటి ఇంట్లోంచి కనకదుర్గ కంప్యూటర్ క్లాసుకి వెళ్ళడమేమిటంటే, అది నరసమ్మ పుణ్యం. నరసమ్మ వాళ్ళ వీధి చివర మిషను కుడుతుంది. జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వెళ్తే, బస్టాండు వెనక జగ్గయ్య మాస్టారి సెంటర్లో ఆడవాళ్ళకి మధ్యాహ్నం పూట ఊరికే నేర్పుతున్నారనీ, నలభై రోజులేననీ, తను చేరుతున్నాననీ చెప్పింది. ఆ మాట వినగానే కనకదుర్గ జాకెట్టు కొలతల సంగతే మరిచిపోయి, "నా పేరు కూడా రాయించు," అంది. నలభై రెండేళ్ళ మనిషికి అంత సంబరం ఎందుకొచ్చిందో ఆమెకే తెలీలేదు. ఇంట్లో చెప్పినప్పుడు అత్తగారు సన్యాసమ్మ, "కంప్యూటర్ నేర్సుకుంటే పప్పు దానంతటదే ఉడుకుద్దా ఏటి?" అంది. ఉమామహేష్ అన్నం కలుపుకుంటూ నవ్వాడు. "ఎల్తే ఎల్లు గానీ మూడు గంటలకి నా టీ మాటేటి?" అన్నాడు. అలా ఫ్లాస్కు కొన్నారు. తను నేర్చుకుంటున్నందుకు ఆ ఇంట్లోకి కొత్తగా వచ్చిన వస్తువు అదొక్కటే.

సెంటర్లో చెప్పే అమ్మాయి ఇందు. రోలుగుంట పిల్ల, ఇరవై మూడేళ్ళుంటాయి, మంచిదే గానీ చెప్పడం వాన కొట్టినట్టు చెప్పేది. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, ప్రాసెసర్, మెమరీ అని బోర్డు నిండా రాసేసి వెనక్కి తిరిగేసరికి పన్నెండుమంది ఆడవాళ్ళూ దిక్కులు చూస్తున్నారు. నరసమ్మ మోచేత్తో పొడిచింది. "ఈ గుంట ఏటి సెప్తందే దుర్గా?" 

కనకదుర్గకి కీర్తి చదువుకునేటప్పుడు పక్కన కూర్చుని ఉల్లిపాయలు వలుస్తూ విన్న మాటలు చాలానే గుర్తున్నాయి. తనకి తెలుసని తనకే తెలీదంతే. "నీ మిషనుంది కదా నరసమ్మా, దాన్ని ముట్టుకోవచ్చు, నూనె పొయ్యొచ్చు, సూది మార్చొచ్చు. అది హార్డ్‌వేర్. నీకు జాకెట్టు కుట్టడం వచ్చు కదా, ఆ వచ్చినదుందే, అది సాఫ్ట్‌వేర్. ఎవరికీ కనపడదు. కనపడదని లేదనుకుంటారు. నువ్వు రెండ్రోజులు మంచం ఎక్కితే మిషనుండి ఏం లాభం?" అని గుసగుసగా చెప్పింది. నరసమ్మ నోరు తెరిచి, "అంతేనా!" అని గట్టిగా అరిచేసింది. ముందు బెంచీలు వెనక్కి తిరిగాయి. ఇందు కోప్పడుతుందేమోనని కనకదుర్గ తల దించుకుంటే, ఆ పిల్ల చాక్‌పీసు పక్కన పెట్టి వచ్చి, "ఏదీ ఆంటీ, మెమరీ కూడా సెప్పండి," అని బెంచీ మీద కూర్చుంది. 

అలా మొదలైంది. ర్యామ్ అంటే నరసమ్మ కత్తిరింపు బల్ల, హార్డ్ డిస్క్ అంటే బీరువా. పని చేస్తున్నంతసేపూ గుడ్డ బల్ల మీదుంటుంది, మడిచి బీరువాలో పెట్టకుండా కరెంటు పోయిందా, బల్ల మీదదంతా పోయినట్టే. ఆ మడిచి పెట్టడాన్నే సేవ్ చెయ్యడం అంటారు. ఒకావిడ తెర మీద పడిపోతున్న బాణం గుర్తు చూసి భయపడి మౌస్‌ని గాల్లోకి ఎత్తి పట్టుకుంది. ఆమె చేతి మీద చెయ్యేసి మెల్లిగా బల్ల మీదకి దించుతుంటే కనకదుర్గకి కీర్తి చేత పలక మీద మొదటిసారి అక్షరం దిద్దించిన రోజు గుర్తొచ్చింది. సెంటర్లో రోజూ నవ్వులే. ఇంటి దగ్గర ఎప్పుడూ అంతగా నవ్వలేదామె. నవ్వితే ఏమైందనేవాళ్ళు.

పాస్‌వర్డ్ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎవరికి వాళ్ళు ఒక మాట అనుకోవాలి, అది ఇంకెవరికీ చెప్పకూడదు అంది ఇందు. "ఇంటాయనకి కూడానా?" అని ఓ మూలనుంచి గొంతు. "ఆయనకి కూడా." కనకదుర్గ కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో తాళం వేసుకోదగ్గది తనకంటూ ఏదీ లేదు. బీరువా తాళాలు అత్తగారి నడుముకుంటాయి. ఫోను మొగుడు ఎప్పుడైనా తీసి చూస్తాడు. ఎవరూ చూడని ఒక్క మాట. ఆమె ఆలోచించి ఆలోచించి టైపు చేసింది, తెర మీద ఎనిమిది నల్ల చుక్కలు పడ్డాయి. ఆ మాట ఏమిటంటే, అది నాకూ తెలీదు. తెలిసినా చెప్పను.

ముప్ఫయ్యో రోజున ఇందుకి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది, పది రోజుల్లో చేరాలి. జగ్గయ్య మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, మాటకి ముందు కళ్ళజోడు సర్దుకుంటాడు. ఆయన కనకదుర్గని పిలిచి, "ఇందమ్మ నీ పేరు సెప్పిందమ్మా. ఇరవై కంప్యూటర్ మాటలు రాసుకురా. ఇంగిలీషు మాట మార్చొద్దు, అందరూ అదే అంటారు. అర్థం మాత్రం మన ఊరి మాటల్లో ఉండాల. వచ్చే శనివారం కొత్త బ్యాచ్ ఆడవాళ్ళు వస్తారు, ఆళ్ళ ముందర నువ్వు సెప్పాల. ఆళ్ళకి అర్థమైతే సోమవారం నుంచి బ్యాచ్ నీది. జీతం పెద్దగా ఇవ్వలేను గానీ, గుమ్మం మీద నీ పేరు రాయిస్తాను," అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఇది నాకు కావాలి అనుకుంది. ఇది కీర్తి కోసం కాదు, ఇంటి కోసం కాదు. నాకు కావాలి. ఆ వాక్యం మనసులో అనుకోవడానికే ఎవరైనా వింటారేమోనని చుట్టూ చూసుకుంది, పిచ్చి మనిషి.

మర్నాటి నుంచి వంటయ్యాక, అత్తగారు అరుగు మీద చేరాక, పదకొండు నుంచి పన్నెండున్నర దాకా లేసు గుడ్డ తీసి కంప్యూటర్ ముందు కూర్చునేది. దానికీ ఆ ఎనిమిది చుక్కల మాటే పాస్‌వర్డ్‌గా పెట్టుకుంది. తెలుగులో టైపు చెయ్యడం ఒక్క వేలితో. ఒత్తులు దొరక్క ఒక్కో మాటకి అరగంట పట్టేది. కాళ్ళ దగ్గర నల్ల డబ్బా సన్నగా రొద పెడుతూ తోడుండేది. ఉమామహేష్‌కి చెప్పలేదు. చెప్తే నవ్వుతాడు, ఆ నవ్వు విన్నాక ఇక ఒక్క అక్షరం రాయలేదు, అది ఆమెకి బాగా తెలుసు. కీర్తికి మాత్రం ఫోన్లో చెప్పింది. "అమ్మా! సూపర్! కానీ బ్యాకప్ పెట్టుకో, పెన్‌డ్రైవ్ కొనుక్కో," అంది పిల్ల. రేపు కొందాంలే అనుకుంది. బ్యాకప్ అంటే ఏమిటో ఆ ఇరవై మాటల్లో పదకొండోదిగా చక్కగా రాసిందే గానీ, తను చేసుకోలేదు. గురువారానికి పంతొమ్మిది మాటలయ్యాయి. ఇరవయ్యోది ఆపరేటింగ్ సిస్టమ్. దానికేం రాయాలో ఎంతకీ తోచలేదు.

శుక్రవారం క్లాసు నుంచి వచ్చేసరికి అరుగు మీద అత్తగారు తమలపాకు నములుతూ, "ఒసే, కంప్యూటర్ మీ ఆయన మాడుగుల అట్టుకెళ్ళిపోయేడు," అంది. 

"ఏటత్తా?"

"మా వరాలు అడిగింది. ఆళ్ళాయన హల్వా కొట్లో పెట్టుకుంటాడంట. ఇక్కడ మూల పడుండి ఏం సేస్తందిలే, ఇచ్చేయ్ అన్నాను." 

వరాలంటే వరహాలమ్మ, ఉమామహేష్ అక్క. ఆవిడ అడగడం, ఈయన మోసుకెళ్ళడం పాత అలవాటే. పోయినేడు గ్రైండరు అలాగే వెళ్ళింది. కనకదుర్గ లోపలికి పరుగెత్తింది. టేబుల్ మీద ఏమీ లేదు. తెర లేదు, కీబోర్డు లేదు, మౌస్ లేదు. కనీసం దుమ్ము గీత కూడా లేదు, రోజూ తుడిచేది తనే కదా. లేసు గుడ్డ నేల మీద పడేసి ఉంది. పంతొమ్మిది మాటలు. రేపు రెండు గంటలకి క్లాసు. ఒక్క మాట, ఒక్క మాట అడగొచ్చు కదా నన్ను? ఎందుకడుగుతారు, ఆ వస్తువు నాదని ఎవరనుకున్నారు? గ్రైండరు పోయిన రోజున ఏడవలేదు, చేతులు నొప్పెట్టినా రుబ్బింది. ఇది గ్రైండరు కాదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే గుడ్డ తీద్దామని వంగింది. మోకాలికి ఏదో గట్టిగా తగిలింది.

నల్ల డబ్బా. 

నేల మీద చతికిలబడింది. డబ్బా ఉంది! రాసినదంతా అందులోనే ఉంది. ఆయన పట్టుకెళ్ళింది ఉత్త మొహాన్ని. ముందు నవ్వు ముక్కులోంచి వచ్చింది, తర్వాత నోట్లోంచి, ఆనక పొట్ట పట్టుకున్నా ఆగలేదు. అత్తగారు గుమ్మంలోంచి తొంగి చూసి, "ఏటే, పిచ్చి గానీ పట్టిందా?" అంది. "లేదత్తా, మోకాలికి దెబ్బ తగిలింది," అంటూ ఇంకా నవ్వింది.

సాయంత్రం ఉమామహేష్ గెలిచొచ్చినవాడిలా వచ్చాడు. "దుప్పట్లో సుట్టి బండి ఎనకాల కట్టేను, ఒక్క గీత పడలేదు," అని టీ తాగుతూ చెప్పాడు. కనకదుర్గ ఏమీ ఎరగనట్టు, "మరి ఆ కిందున్న డబ్బా ఉండిపోయిందేటండి?" అని అడిగింది.

"అది స్టెబిలైజరే బాబూ. ఫ్రిజ్‌కి లేదేటి, అలాంటిదే. బండి మీద సోటు లేక ఒదిలేసేను. తీరుబడిగా అట్టుకెళ్తాను." 

"అలాగేనండి," అంది.

చెప్పొచ్చు. చెప్పలేదు. పప్పులో ఇంగువ దగ్గర్నుంచి పొలం పాస్‌బుక్కు ఎక్కడుందో దాకా, ఆ ఇంట్లో తనకి తెలిసినవన్నీ ఇరవై రెండేళ్ళుగా చెప్తూనే ఉంది, చెప్పి ఏం బావుకుంది? ఈ ఒక్కటీ తన దగ్గరుండనీ అనుకుంది. అతనికి తెలీనిది తనకి తెలిసి ఉండడం ఎంత హాయిగా ఉంటుందో ఆ సాయంత్రం రుచి చూసింది.

శనివారం పొద్దున్నే మాడుగుల నుంచి ఫోను. తెర మీద ఏదో రెండు ఇంగిలీషు ముక్కలొచ్చి ఆరిపోతోందట. "స్టెబిలైజర్ లేకపోతే అంతే మరి, మధ్యాన్నం తెస్తాను," అని ఉమామహేష్ ఫోన్లో చెప్తున్నాడు. వంటింట్లో కనకదుర్గ చేతిలో గరిటె ఆగింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అతను భోజనానికి వస్తాడు. అడిగి ఆపించుకోవచ్చు. అడిగితే ఎందుకంటాడు, చెప్తే నవ్వుతాడు, నవ్వి పట్టుకెళ్తాడు. పదకొండింటికల్లా అన్నం, పప్పు, వంకాయ వేపుడు వండి మూతలు పెట్టేసింది. తీగలన్నీ ఊడదీసి, డబ్బాని లేసు గుడ్డలో మూట కట్టి, నరసమ్మ ఒక చెవీ తను ఒక చెవీ పట్టుకుని వీధిలోకి మోశారు. "అత్తా, దీన్ని క్లాసుకి అట్టుకెళ్తన్నాను," అని మామూలుగా చెప్పింది. ఇలా చెప్పడం ఇంత తేలికా అని తనకే ఆశ్చర్యం వేసింది. చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి షేర్ ఆటో ఆగినప్పుడల్లా ఒళ్ళో డబ్బాని పసిపిల్లలా పొదివి పట్టుకుంది. 

సెంటర్లో ఇందు సాయం రాబోతే, "ఉండమ్మా, నేనే పెడతాను," అంది. అక్కడి తెర తీగ ఇక్కడ, కీబోర్డుది అక్కడ, కరెంటుది వెనక. మీట నొక్కింది. దీపం వెలిగింది. ఎనిమిది చుక్కలు కొట్టింది. తన ఫైలు, తను పెట్టిన పేరుతో, తెర మీద నిలబడింది. కనకదుర్గ ఇందుని పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టేసింది.

రెండు గంటలకి పద్నాలుగుమంది వచ్చారు. రావికమతం వైపు నుంచి ఆటోల్లో వచ్చిన వాళ్ళే సగం. జగ్గయ్య మాస్టారు కిటికీ పక్కన కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నాడు. మొదటి రెండు మాటలూ తెర మీద చూసి చదివింది. మూడో మాటకి బల్ల మీదున్న డబ్బాని అరచేత్తో చరిచి, "ఇదమ్మా కంప్యూటర్. దీన్నే అందరూ సీపీయూ అంటారు. ఆ పైన మెరిసేది మానిటర్, ఉత్త మొహం. లోపల జరిగింది అది చూపిస్తుందంతే. పని చేసేది ఇది," అంది. అంతే, ఇక ఆగలేదు. తెర వైపు చూడ్డం మానేసింది. ఫోల్డర్ అంది, వైరస్ అంది, ఒకళ్ళొకళ్ళే వచ్చి మౌస్ పట్టుకోమంది. ఇరవయ్యో మాట దగ్గరికి వచ్చింది. రాసుకున్నదేమీ లేదు. ఎదురుగా పద్నాలుగు ముఖాలు, వంటలు ముగించి, పిల్లల్ని పంపి, పరుగు పరుగున వచ్చిన ముఖాలు. చూస్తుంటే నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఇంట్లో అందరికన్నా ముందు లేచేది. అది లేచి అన్నీ సిద్ధం చేస్తే గానీ మిగతావి లేవవు. ఎవరికేం కావాలో అందిస్తుంది, ఒకళ్ళతో ఒకళ్ళకి తగువు రాకుండా చూస్తుంది, అందరూ పడుకున్నాక సర్దుకుని ఆఖర్న పడుకుంటుంది. అది పని చేస్తున్నంతసేపూ ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఒక్క గంట ఆగిందనుకోండి, ఇల్లంతా హ్యాంగ్!"

"ఓలమ్మ, అంటే మనవే కదేటి!" అని ఎవరో అన్నారు. గది గదంతా గొల్లుమంది. జగ్గయ్య మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ నవ్వుల మధ్య కనకదుర్గ తలెత్తి చూస్తే గుమ్మంలో ఉమామహేష్ ఉన్నాడు. పక్కన వరహాలమ్మ. స్టెబిలైజర్ కోసం ఆవిడే బస్సెక్కి వచ్చేసిందట. ఎంతసేపై నిలబడ్డారో ఏమో.

"దుర్గా, ఆ స్టెబిలైజర్ ఇక్కడికెందుకు తెచ్చేవు? అక్కావోళ్ళింట్లో కంప్యూటర్ ఆడక నానా యాతనా పడతన్నారు." 

అంతకు అరగంట ముందు మౌస్‌ని ముట్టుకోడానికి భయపడ్డ ముందు బెంచీ పెద్దావిడ వెనక్కి తిరిగింది. "స్టెబిలైజర్ కాదు బాబూ, అదే కంప్యూటర్. నువ్వట్టుకెళ్ళింది మానిటరు. ఉత్త మొహం," అని ఓపిగ్గా చెప్పింది. 

ఉమామహేష్ ముఖం ఎర్రబడింది. డబ్బా వైపు చూశాడు, తెర మీదున్న తెలుగు అక్షరాల వైపు చూశాడు, బోర్డు దగ్గర చేతికి చాక్‌పీసు పొడి అంటుకుని నిలబడ్డ పెళ్ళాం వైపు, ఎవరో తెలిసినావిడలా ఉందే అన్నట్టు చూశాడు. "ఇదంతా నువ్వు రాసేవా?" అన్నాడు చివరికి. "నేనే రాసేనండి," అంది కనకదుర్గ. జగ్గయ్య మాస్టారు లేచి, "బ్యాచ్ నీదేనమ్మా, సోమవారం నుంచి. బాబూ, ఇది ఆడవాళ్ళ క్లాసు, నువ్వు బయట బెంచీ మీద కూకో," అన్నాడు.

"పదక్కా, ఎల్దాం," అన్నాడు ఉమామహేష్. 

వరహాలమ్మ అప్పటికే చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లోపలికొచ్చి ఆఖరి బెంచీలో కూర్చుంది. "నువ్వెల్లరా తమ్ముడూ," అంది. కనకదుర్గ ఆవిడ దగ్గరికి నడిచింది. గ్రైండరు సంగతి, దుప్పట్లో చుట్టిన తెర సంగతి, అన్నీ గొంతులో ఉన్నాయి. వరహాలమ్మ బెంచీ మీద వేలితో గీతలు గీస్తూ, ఆమెకొక్కదానికే వినపడేలా అంది: 

"మా ఆయనకని సెప్పేను గానీ, నాకేనే. హల్వా కలిపేది నేను, కట్టేది నేను, ఆర్డర్లు గుర్తెట్టుకునేది నేను. అదంతా దాంట్లో రాసుకుందావని ఆశ. యాభయ్యేళ్ళదానికి ఇదేం పోయేకాలం అంటారని సిగ్గేసి, ఆయన పేరు సెప్పేను. ఇందాక ఆ ముందు లేసేదాని గురించి సెప్పేవు సూడు, అది మళ్ళీ సెప్తావేటే?"

గొంతులో ఉన్నవన్నీ ఎటు పోయాయో పోయాయి. కనకదుర్గ వదిన పక్కన ఇరుకు చేసుకుని కూర్చుంది. 

"ఎన్నిసార్లయినా సెప్తాను. సోమవారం రెండింటికల్లా వచ్చేయండి వదినా. పుస్తకం, పెన్నూ తెచ్చుకోండి," అంది. తర్వాత, గుమ్మం అవతల నిలబడ్డ మనిషికి కూడా వినపడేటట్టు గొంతు పెంచి, "వచ్చేటప్పుడు ఆ మానిటర్ జాగ్రత్తగా పట్టుకుని రండి. అది నా కంప్యూటర్‌ది," అంది.